అమెరికా వదిలి వెళ్లిన యూరప్ కార్లు తిరిగి రావడం ఎందుకంత కష్టం?

చదువుకోడానికో ఉద్యోగానికో అమెరికా వెళ్లిన మన పిల్లల్ని మొదట ఏ కారు కొన్నావని అడిగితే, ఎక్కువమంది నోట వచ్చేది సెకండ్ హ్యాండ్ కరోలా, కామ్రీ, సివిక్ పేర్లే. కొత్తగా వచ్చినవాళ్లకు సీనియర్లు చెప్పే సలహా కూడా అదే. రిపేర్లు తక్కువ, ఏ ఊళ్లోనైనా పార్టులు దొరుకుతాయి, నాలుగేళ్లు నడిపి అమ్మినా మంచి ధర వస్తుంది. ఆ సలహాలో ఫియట్ ఉండదు. ఫ్రాన్స్ కంపెనీలైన ప్యూజో, రెనో, సిట్రోయెన్ అసలే ఉండవు, ఎందుకంటే ఆ మూడింటి కొత్త కార్లు అమెరికాలో అమ్మరు. ఒకప్పుడు మూడూ అక్కడ అమ్మినవే. వెళ్లిపోయాయి. అలా వెళ్లిన యూరప్ కంపెనీల్లో తిరిగి వస్తామని చెప్పి రానివి ఉన్నాయి, వచ్చి నిలబడినవి ఉన్నాయి, వచ్చి కూడా చిక్కిపోయినవి ఉన్నాయి.

ఎందుకిలా అంటే సాధారణంగా వినిపించే జవాబు ఒకటే: "అమెరికా వాళ్లకు పెద్ద కార్లు కావాలి, యూరప్ వాళ్లు చేసేది చిన్నవి." అందులో కొంత నిజం ఉంది. కానీ అదే మొత్తం కారణమైతే అంత చిన్న మినీ తిరిగొచ్చి నిలబడేది కాదు, 500 హార్స్‌పవర్ దాటిన సెడాన్ తెచ్చిన ఆల్ఫా రోమియో తడబడేది కాదు. అసలు చిక్కు వేరేచోట ఉంది.

ముందు ఇటలీ కంపెనీ ఫియట్ సంగతి చూద్దాం. 1970ల మధ్యలో ఫియట్ అమెరికాలో ఏడాదికి లక్ష దాకా కార్లు అమ్మేది. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే ఈశాన్య రాష్ట్రాల్లో ఆ కార్ల రేకు త్వరగా తుప్పు పట్టింది. రిపేర్లు ఎక్కువయ్యాయి, పార్టుల కోసం ఎదురుచూపులు పెరిగాయి. ఎఫ్, ఐ, ఏ, టీ అనే నాలుగు అక్షరాలను విడదీసి జనం "ఫిక్స్ ఇట్ అగెయిన్, టోనీ" అని చెప్పుకోవడం మొదలుపెట్టారు. అంటే, మళ్లీ బాగుచెయ్యవయ్యా టోనీ అని. 1983లో ఫియట్ అమెరికా నుంచి సర్దుకుంది. కార్లు వెళ్లిపోయాయి గాని ఆ మాట మాత్రం తరాలు దాటి నిలిచిపోయింది.

ఇక్కడ మన ఊళ్ల సంగతి ఒకసారి గుర్తు చేసుకోవాలి. అదే ఫియట్ పేరు మన దగ్గర గౌరవంగా బతికింది. బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ చేసిన ఫియట్ 1100, తర్వాత ప్రీమియర్ పద్మిని పేరుతో వచ్చిన అదే కారు, విజయవాడలోనూ హైదరాబాద్‌లోనూ డాక్టర్ల ఇళ్ల ముందు, లాయర్ల ఇళ్ల ముందు దశాబ్దాలపాటు నిలబడింది. మన ఫియట్ చెడిపోలేదా? చెడిపోయింది. కానీ వీధి చివర మెకానిక్‌కు దాని ప్రతి బోల్టూ తెలుసు. పార్టు దొరుకుతుంది, లేకపోతే లేత్ మీద చేయిస్తారు. చెడినప్పుడు పక్కన మనిషి ఉన్నాడు కాబట్టి బండికి చెడ్డపేరు రాలేదు. అమెరికాలో ఆ మనిషి లేడు. నా ఉద్దేశంలో ఈ వ్యవహారమంతటికీ కీలకం ఇదే.

ఫియట్ కంటే ముందే ఈ దెబ్బ తిన్నది రెనో. డోఫీన్ అనే చిన్న కారుతో 1950ల చివర్లో అమెరికాలో దిగి, 1959లో లక్ష దాకా అమ్మింది. అప్పట్లో అది మామూలు సంఖ్య కాదు, ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కు గట్టి పోటీ. కానీ ఆ కారుకు ఉన్నది 845 సీసీ ఇంజన్. గంటకు 60 మైళ్ల వేగం అందుకోవడానికి అర నిమిషం పట్టేది. అమెరికాలో అప్పుడే కొత్త ఇంటర్‌స్టేట్ రహదారులు పరుచుకుంటున్నాయి. గంటల తరబడి యాక్సిలరేటర్ తొక్కిపట్టి నడపడానికి పుట్టిన కారు కాదది. తుప్పు, ఇంజన్ సమస్యలు వచ్చాయి, వాటిని చూసేందుకు తగినన్ని వర్క్‌షాపులు లేవు. మరుసటి ఏడాదికే అమ్మకాలు కూలిపోయాయి.

సరిగ్గా అదే సమయంలో ఫోక్స్‌వ్యాగన్ చేసిన పని గమనించండి. బీటిల్ కూడా నెమ్మదైన కారే. దాని ఇంజన్ కూడా వెనకే. కానీ ఫోక్స్‌వ్యాగన్ డీలర్‌షిప్ ఇచ్చేముందు పార్టుల నిల్వ ఉందా, శిక్షణ పొందిన మెకానిక్ ఉన్నాడా అని చూసేది. వర్క్‌షాపు తర్వాతే షోరూమ్. 1970 నాటికి ఆ కంపెనీ అమెరికాలో ఏడాదికి ఐదున్నర లక్షలకు పైగా కార్లు అమ్మింది. రెండు చిన్న యూరప్ కార్లు, ఒకే కాలం, ఒకే మార్కెట్. ఒకటి ఇంటింటి పేరైంది, రెండోది రేవులో పేరుకుపోయింది.

ఇక నిబంధనల విషయానికొస్తే, ఇది కాస్త ఓపికగా చూడాల్సిన భాగం. 1966లో అమెరికా వాహన భద్రత చట్టం తెచ్చింది. 1970లో గాలి కాలుష్య చట్టాన్ని కఠినం చేసింది. యూరప్ దేశాలు అప్పటికే జెనీవాలో 1958లో కుదిరిన ఒప్పందం కింద ఉమ్మడి ప్రమాణాలు రాసుకుంటున్నాయి. అమెరికా ఆ ఒప్పందంలో చేరలేదు. అప్పటి నుంచి రెండు ఖండాలవీ రెండు దారులు.

తేడా పద్ధతిలోనే ఉంది. యూరప్‌లో కారు అమ్మకానికి వెళ్లేముందే ప్రభుత్వం తరఫున పరీక్షించి ఆమోదం ఇస్తారు. అమెరికాలో భద్రత విషయంలో కంపెనీయే "నా కారు మీ నిబంధనల ప్రకారం ఉంది" అని ధ్రువీకరించుకుని అమ్ముతుంది. తప్పని తేలితే రీకాల్, జరిమానా, కోర్టు. పొగ విషయంలో మాత్రం ముందే సర్టిఫికెట్ కావాలి, పైగా కాలిఫోర్నియాకు తనదైన నియమాలు. ఇక పరీక్షల్లో తేడాలు. అమెరికాలో సీటుబెల్టు పెట్టుకోని మనిషిని కూడా ఎయిర్‌బ్యాగ్ కాపాడాలి, అందుకని బెల్టు లేని బొమ్మను కూర్చోబెట్టి గుద్దించి చూస్తారు. యూరప్ నిబంధనల్లో బెల్టు పెట్టుకున్న మనిషినే లెక్కలోకి తీసుకుంటారు. ఈ ఒక్క తేడాతో ఎయిర్‌బ్యాగ్, డాష్‌బోర్డు కింది భాగం, మోకాళ్ల దగ్గరి ప్యాడింగ్ అన్నీ మార్చాల్సి రావచ్చు. వెనక ఇండికేటర్ యూరప్‌లో నారింజ రంగులోనే ఉండాలి, అమెరికాలో ఎరుపైనా సరే. హెడ్‌లైట్లయితే 1940 నుంచి 1983 దాకా అమెరికాలో అద్దం, రిఫ్లెక్టర్, ఫిలమెంట్ కలిపి సీలు చేసిన నిర్ణీత కొలతల దీపాలే వాడాలి. ముఖమంతా డిజైన్ చేసుకున్న యూరప్ కారుకు అక్కడ వేరే కళ్లు పెట్టాల్సి వచ్చేది.

సిట్రోయెన్‌కు పడిన దెబ్బ చూస్తే నాకు ఇప్పటికీ బాధనిపిస్తుంది. ఆ కంపెనీ గొప్పతనమంతా ఎత్తు మారే హైడ్రాలిక్ సస్పెన్షన్‌లో ఉంది. ఇంజన్ ఆపితే కారు మెల్లగా కిందికి కూర్చుంటుంది, స్టార్ట్ చేస్తే లేస్తుంది. 1970ల మొదట్లో అమెరికా బంపర్ల మీద నిబంధన పెట్టింది. నెమ్మదైన వేగంలో గుద్దుకుంటే తట్టుకోవాలి, బంపర్ ఫలానా ఎత్తులో ఉండాలి. ఎత్తే మారిపోయే కారుకు నిర్ణీత ఎత్తు ఎక్కడి నుంచి వస్తుంది? మినహాయింపు రాలేదు. అమెరికా కోసం తయారుచేసిన ఎస్ఎం మోడల్ కార్లను కొన్నిటిని జపాన్‌లో అమ్ముకోవాల్సి వచ్చింది. సిట్రోయెన్ వెళ్లిపోయింది.

అయితే నిబంధనలను తిట్టి ఊరుకుంటే లెక్క తప్పుతుంది. బీఎండబ్ల్యూ, మెర్సిడెస్, వోల్వో కూడా ఇవే నిబంధనలు దాటాయి. అసలు బరువు సంఖ్యలో ఉంది. లెక్క కోసం ఒక అంకె అనుకుందాం: ఒక మోడల్‌ను అమెరికాకు తగ్గట్టు మార్చి పరీక్షలు చేయించడానికి 10 కోట్ల డాలర్లు అయ్యాయి. అమ్మేది 10 లక్షల కార్లయితే ఒక్కో కారు మీద 100 డాలర్లు పడుతుంది. అదే 10 వేల కార్లయితే ఒక్కో కారు మీద 10,000 డాలర్లు. ఇప్పటికే అక్కడ ఉన్న కంపెనీ ఆ ఖర్చును సులువుగా పంచేస్తుంది. తిరిగి వచ్చేవాడు మొదటి ఏళ్లలో తక్కువే అమ్ముతాడు కాబట్టి, సరిగ్గా బలహీనంగా ఉన్నప్పుడే బరువంతా మోయాలి.

దీనికి తోడు సుంకం. చాలాకాలం యూరప్ నుంచి వచ్చే మామూలు కార్ల మీద అమెరికా 2.5 శాతమే వేసేది. 2025 ఏప్రిల్‌లో దాని మీద ఇంకో 25 శాతం కలిపి 27.5 చేసింది. ఆ వేసవిలో యూరోపియన్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో అది 15 శాతానికి దిగింది. ఆ ఒప్పందం ఉమ్మడి ప్రకటనలో కార్ల ప్రమాణాలను పరస్పరం గుర్తించే ఉద్దేశమూ రాసుకున్నారు. అది నిజంగా అమల్లోకి వస్తే పైన చెప్పిన పరీక్షల ఖర్చులో పెద్ద భాగం తగ్గుతుంది. కానీ కారు డిజైన్ చేయడానికే మూడు నాలుగేళ్లు పడుతుంది. నాలుగు నెలల్లో మూడు రకాలుగా మారిన సుంకాన్ని నమ్ముకుని ఎవరు కొత్తగా దిగుతారు?

పికప్‌లు, వ్యాన్ల సంగతి ఇంకా వేరు. 1960ల మొదట్లో అమెరికా కోళ్లు చవగ్గా వచ్చి పడుతున్నాయని యూరప్ వాటి మీద పన్ను పెంచింది. జవాబుగా అమెరికా బంగాళాదుంప పిండి, డెక్స్‌ట్రిన్ (పిండి నుంచి తీసే జిగురు పదార్థం), బ్రాందీ, చిన్న ట్రక్కుల మీద 25 శాతం వేసింది. అది 1964లో అమల్లోకి వచ్చింది. దాని ప్రధాన లక్ష్యం ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్లు. మిగతా మూడింటి మీద పన్ను కాలక్రమంలో పోయింది. ట్రక్కుల మీద మాత్రం ఇప్పటికీ ఉంది, అందరూ దాన్ని చికెన్ ట్యాక్స్ అనే అంటారు. దాన్ని తప్పించుకోడానికి మెర్సిడెస్ తన స్ప్రింటర్ వ్యాన్లను జర్మనీలో విడదీసి పంపి, సౌత్ కరోలినాలో మళ్లీ బిగించింది. అమెరికా కంపెనీ ఫోర్డే తన టర్కీ వ్యాన్లకు వెనక సీట్లు పెట్టి ప్యాసింజర్ బండిగా దించి, రేవు దాటాక సీట్లు పీకేసేది. ఆ కేసు తెగ్గొట్టుకోడానికి 2024లో 36.5 కోట్ల డాలర్లు కట్టింది. అమెరికాలో అసలు లాభాలున్నది పికప్‌లలో. ఆ గది తలుపుకు అరవై ఏళ్లుగా ఈ తాళం ఉంది.

ఇప్పుడు డీలర్ల దగ్గరికి వద్దాం. అమెరికాలో చాలా రాష్ట్రాల చట్టాలు కార్ల కంపెనీ నేరుగా కొనుగోలుదారుకు అమ్మడాన్ని అడ్డుకుంటాయి. మధ్యలో స్వతంత్ర డీలర్ ఉండాలి. ఒకసారి డీలర్‌షిప్ ఇస్తే వెనక్కి తీసుకోవడం మహా కష్టం. సొంత బ్రాండ్ ఓల్డ్స్‌మొబైల్‌ను మూసేయడానికి జనరల్ మోటార్స్ డీలర్లకు సుమారు వంద కోట్ల డాలర్లు ఇచ్చుకోవాల్సి వచ్చింది. కాబట్టి కొత్తగా వచ్చే యూరప్ కంపెనీకి రావడమూ ఖర్చే, పోవడమూ ఖర్చే.

డీలర్ వైపు నుంచి చూస్తే అతనిదీ న్యాయమైన భయమే. షోరూమ్ కట్టాలి, ప్రత్యేక పనిముట్లు కొనాలి, మెకానిక్‌లకు శిక్షణ ఇప్పించాలి, పార్టులు నిల్వ పెట్టాలి. నెలకు ఐదు కార్లు అమ్ముడైతే ఇవేవీ గిట్టుబాటు కావు. ఊళ్లో డీలర్ లేకపోతే కారు ఎవరూ కొనరు. కారు కొనేవాళ్లు లేకపోతే డీలర్ రాడు. చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టు అక్కడే ఆగిపోతుంది. దూరాలు కూడా మామూలువి కావు. ఒక్క టెక్సస్‌లోనే ఎల్‌పాసో నుంచి హ్యూస్టన్ దాకా సుమారు 1,200 కిలోమీటర్లు. కారు దారిలో ఆగిపోతే దగ్గరి సర్వీస్ సెంటర్ 300 కిలోమీటర్ల అవతల ఉందని తెలిస్తే ఆ టెన్షన్ ఎవరికి కావాలి?

ఈ చిక్కు తెలిసినవాళ్లు ఎవరో ఒకరి భుజం మీద ఎక్కి వచ్చారు. 2002లో మినీ అలా వచ్చింది. అసలు మినీ 1960లలో అమెరికాలో అమ్మి, కొత్త భద్రత, కాలుష్య నిబంధనల వల్ల ఆ దశాబ్దం చివర్లోనే ఆగిపోయింది. బీఎండబ్ల్యూ దాన్ని కొత్తగా తయారుచేసి, బీఎండబ్ల్యూ డీలర్లు నడుపుతున్న షోరూములతో దింపింది. సర్వీస్ గురించి ఎవరూ భయపడలేదు. కారు ఊరికే ముద్దొచ్చేదే కాదు, నడపడానికి హుషారుగా ఉండేది. 2012, 2013ల్లో ఏడాదికి 66 వేల దాకా అమ్ముడైంది.

ఫియట్ కూడా భుజం ఎక్కే వచ్చింది. 2009లో అమెరికా కార్ల కంపెనీ క్రైస్లర్ దివాలా తీసినప్పుడు, అమెరికా ప్రభుత్వ ఏర్పాటుతో ఫియట్‌కు అందులో 20 శాతం వాటా డబ్బు కట్టకుండానే దక్కింది. మూడు షరతులు తీరిస్తే ఒక్కో షరతుకు ఐదు శాతం చొప్పున పెరుగుతుంది. అందులో ఒకటి, గ్యాలన్‌కు 40 మైళ్లిచ్చే కారు అమెరికాలో తయారుచేయడం. ఫియట్ అధిపతి సెర్జియో మార్కియోనే 2011లో ఫియట్ 500ను అమెరికాలో దించారు. మెక్సికోలోని టొలూకాలో తయారీ, క్రైస్లర్ డీలర్ల చేతికే అమ్మకం. ఇంతవరకు అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

తొలి ఏడాది ఉత్తర అమెరికాలో 50 వేలు అమ్మాలనుకున్నారు. అమెరికాలో అమ్ముడైనవి 20 వేల లోపు. తర్వాతి ఏడాది దాదాపు 44 వేలకు చేరింది. అక్కడితో కొండ ఎక్కడం అయిపోయింది. ఫియట్ కోసం వేరే షోరూములు కట్టమని డీలర్లను ఒప్పించారు, కానీ ఆ షోరూముల్లో చాలాకాలం ఉన్నది ఒక్క 500, దాని రకాలే. ఇద్దరు పిల్లలు పుట్టిన కుటుంబానికి చూపించడానికి రెండో కారు లేదు. 2014 చివర్లో పెట్రోలు ధర పడిపోవడంతో చిన్న కారు మీద మోజు కూడా తగ్గింది. 2019లో 500 ఆగిపోయింది. 2023లో ఫియట్ అమెరికాలో మొత్తం ఏడాదికి అమ్మినవి వెయ్యి కూడా లేవు. భుజం దొరికినా ఆ భుజం మీద నిలబడటానికి సరుకు కావాలని ఫియట్ కథ చెబుతుంది.

అదే కుటుంబంలోని ఆల్ఫా రోమియో సంగతి ఇంకా నొప్పి కలిగించేది, ఎందుకంటే దాని సరుకు మంచిది. 1995లో వెళ్లి, కొన్ని పరిమిత మోడళ్లతో తొంగిచూసి, జూలియా సెడాన్, స్టెల్వియో ఎస్‌యూవీలతో గట్టిగా వచ్చింది. నడిపినవాళ్లు వాటిని తెగ మెచ్చుకున్నారు. 2014లో మార్కియోనే పెట్టుకున్న లక్ష్యం 2018కల్లా ప్రపంచమంతటా ఏడాదికి నాలుగు లక్షలు. 2018లో అమెరికాలో అమ్మినవి సుమారు 24 వేలు. అదే ఏడాది బీఎండబ్ల్యూ బ్రాండ్ అక్కడ మూడు లక్షలు దాటింది.

ఎందుకంటే, అమెరికాలో ఖరీదైన కార్లను చాలామంది కొనరు, మూడేళ్లకు లీజుకు తీసుకుంటారు. లీజు కిస్తీలో పెద్ద భాగం కారు ధరకూ మూడేళ్ల తర్వాత దాని అంచనా విలువకూ ఉన్న తేడా. రెండు కార్లు చెరి 50 వేల డాలర్లనుకోండి. ఒకటి మూడేళ్లకు 30 వేలు పలుకుతుంది, రెండోది 23 వేలే. వడ్డీ పక్కన పెట్టినా రెండో కారుకు నెలకు దాదాపు 200 డాలర్లు ఎక్కువ కట్టాలి. ఆ అంచనా తగ్గేది దేనివల్ల? ఇది మళ్లీ వెళ్లిపోతుందేమో, పార్టులు దొరకవేమో అనే అనుమానం వల్ల. తాత చెప్పిన టోనీ మాట అలా మనవడి నెలవారీ కిస్తీలోకి వచ్చి చేరుతుంది. ప్రకటనలకు ఎంత ఖర్చుపెట్టినా ఇది తగ్గదు. పదేళ్లు, పదిహేనేళ్లు అక్కడే ఉండి, చెడిన ప్రతి బండినీ సరిచేస్తేనే తగ్గుతుంది.

ప్యూజో ఇదంతా లెక్క వేసుకుని రావాలనుకుంది. 1991లో అమ్మకాలు పడిపోయి వెళ్లిపోయిన కంపెనీ అది. 2016లో దాని అధిపతి కార్లోస్ టవారెస్ పదేళ్ల ప్రణాళిక ప్రకటించారు. ముందు కార్లు అమ్మకుండా, కార్లు అద్దెకిచ్చే సేవలతో అమెరికన్ల అలవాట్లు నేర్చుకోవాలి, తర్వాతే షోరూములు. అట్లాంటాలో ఆఫీసు పెట్టారు, 2019లో తిరిగి వచ్చే బ్రాండ్ ప్యూజోయే అని ఖాయం చేశారు. వచ్చినవాళ్లలో ఇంత ఓపిక ఎవరూ చూపలేదు. కానీ 2021లో ఆ కంపెనీ ఫియట్ క్రైస్లర్‌తో కలిసి స్టెలాంటిస్ అయింది. కలిసిన రోజునే దాని చేతికి జీప్, రామ్, డాడ్జ్ అనే అమెరికా బ్రాండ్లు వచ్చాయి. అమెరికాలో దిగడానికి ప్యూజో అవసరం తీరిపోయింది, ప్రణాళిక ఆగిపోయింది. జీప్ గురించి ఇక్కడ ఇంకొకటి చెప్పాలి. 1980లలో జీప్‌ను చేసే అమెరికన్ మోటార్స్ రెనో అధీనంలోనే ఉండేది. 1986 నవంబరులో రెనో అధిపతి జార్జ్ బెస్‌ను పారిస్‌లో ఇంటి ముందే కాల్చి చంపారు. నష్టాల మధ్య మరుసటి ఏడాది రెనో ఆ వాటాను క్రైస్లర్‌కు అమ్మేసి అమెరికా వదిలింది. అలా రెనో చేజారిన జీపే, ముప్పై నాలుగేళ్ల తర్వాత ఇంకో ఫ్రెంచి కంపెనీ రాకను అక్కర్లేకుండా చేసింది.

నిలబడినవాళ్లు చేసిందేమిటో చూస్తే, వాళ్లు అక్కడే ఇల్లు కట్టుకున్నారు. బీఎండబ్ల్యూ 1994 నుంచి సౌత్ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్‌లో, మెర్సిడెస్ 1997 నుంచి అలబామాలో కార్లు చేస్తున్నాయి. ఫోక్స్‌వ్యాగన్ పెన్సిల్వేనియాలో 1978లో తెరిచిన ఫ్యాక్టరీని పదేళ్లకే మూసి, 2011లో టెనెసీలో మళ్లీ మొదలుపెట్టింది.

ఇప్పుడు ఫోక్స్‌వ్యాగన్ ఇంకో దారి పట్టింది. 1961 నుంచి 1980 దాకా ఇంటర్నేషనల్ హార్వెస్టర్ చేసిన స్కౌట్ అనే అమెరికన్ జీపులాంటి బండి పేరు, ఒక ట్రక్కుల కంపెనీని కొన్నప్పుడు ఆ గ్రూపు చేతికి వచ్చింది. 2022లో ఆ పేరును మళ్లీ బతికిస్తామని చెప్పింది. సౌత్ కరోలినాలోని బ్లైత్‌వుడ్‌లో 200 కోట్ల డాలర్ల ఫ్యాక్టరీ పని మొదలుపెట్టింది. అక్కడ చేయబోయేది ఒక ఎస్‌యూవీ, ఒక పికప్. యూరప్ పేరు కాదు కాబట్టి పాత చేదు జ్ఞాపకం లేదు. అక్కడే తయారీ కాబట్టి, తన వ్యాన్లను 1964లో ఆపిన ఆ పన్ను దీనికి తగలదు. డీలర్ల విషయంలో మాత్రం స్కౌట్ కార్లను నేరుగా కొనుగోలుదారుకే అమ్మాలని నిర్ణయించుకుంది. దాంతో 2025లో ఫ్లోరిడాలో కోర్టుకు వెళ్లినవాళ్లు ఫోక్స్‌వ్యాగన్ సొంత డీలర్లే. ఆ వెంటనే కాలిఫోర్నియా డీలర్ల సంఘం కూడా కేసు వేసింది.